అమ్మ విప్పిన కవరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటాది. ఆ ఆదివారం అది నెత్తికెక్కింది.

కర్నూల్లో బీఏ చదివినా. అమెరికాలో లా చదవాలని అప్లికేషన్లు పెడతాంటి. వాళ్లకు మనది బయటి దేశం డిగ్రీ గదా, మార్కుల జాబితాలు యూనివర్సిటీ వాళ్లే కవర్లో పెట్టి, అంటించి, మూత మీద అడ్డంగా సంతకం చేసి ముద్ర కొట్టియ్యాల. కొరియర్ మనమే చేసుకోవచ్చు గానీ, విప్పినామా ఇంక చెల్లదు. ఆ కవరు కోసం నెల రోజులు తిరిగినా. ఆఫీసులో గుమాస్తా సారుకు "రేపు రామ్మా" తప్ప వేరే మాటే రాదేమో అనుకున్నా. చివరికి ఒక శనివారం ఇచ్చినాడు. బుధవారంలోగా పంపకపోతే ఆ యేడు అంతే సంగతులు.

మా ఊరు కోడుమూరుకు తెచ్చి, బీరువాలో పెట్టి, "మా, దీన్ని ముట్టుకోవద్దు" అన్నా. ఎందుకో చెప్పలా. అదీ నా తప్పు.

మాయమ్మ కూలికి పోయే మనిషి. ఇంగ్లీషు రాదు. దేవునికి ఏదైనా వివరంగా చెప్పాలంటాది. ఊరికే బిడ్డను దీవించమంటే ఆయనకేం తెలుస్తాదని ఆమె వాదన. మర్నాడు పొద్దున నేను తలకు పోసుకుంటాంటే కవరు తీసుకొని చర్చికి పోయింది. నేను పోయేసరికి పాస్టరు అయ్యగారు నిలబడి నా మార్కులు చదువుతాండాడు.

"చరిత్ర, డెబ్బై ఒకటి."

"స్తోత్రం!" అనింది సంఘమంతా.

"రాజనీతి, అరవై ఎనిమిది."

"స్తోత్రం!"

"ఎకనామిక్స్..." ఆయన కాగితం కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. "నలభై."

అందరూ మోకాళ్ల మీదికి వచ్చేసినారు.

నా కళ్లు చినిగిన మూత మీదే ఉన్నాయి. ముద్ర రెండు ముక్కలయ్యింది. ఇంటికొచ్చి, "నీ ప్రార్థనతో నా బతుకు బుగ్గిపాలు చేసినావు" అని అరిచినా. ఛీ, ఆ మాట అనకుండా ఉండాల్సింది. మాయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొని, "నేనే వచ్చి ఆ సారుకు చెప్తా పాపా" అనింది.

సోమవారం ఇద్దరం కర్నూలు బస్సెక్కినాం. దారి పొడుగునా నేను కిటికీ తట్టే చూస్తా కూచున్నా. చినిగిన కవరు చూసి గుమాస్తా సారు అద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఎవరు విప్పినారమ్మా దీన్ని?"

"నేనే సార్, ప్రార్థనకు" అనింది మాయమ్మ. "ఎకనామిక్స్‌కు శానాసేపు చేసినాం."

ఆయన నవ్వలా. చినిగిన కవరు తీసుకొని లోపలికి పోయినాడు. అయిపోయింది, మళ్లీ నెల రోజులు తిప్పుతాడు అనుకున్నా. అన్నానికి కూడా లేయకుండా కాగితాలన్నీ మళ్లీ తీసి, మధ్యాహ్నానికి రెండు కవర్లు తెచ్చినాడు. రెండింటి మీదా సంతకం, ముద్ర.

"ఇది అమెరికాకు" అని ఒకటి నాకిచ్చినాడు. రెండోది మాయమ్మ చేతిలో పెట్టి, "ఇది ప్రార్థనకు. విప్పుకోమ్మా" అన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ చెయ్యి పట్టుకొని, తప్పయిందిమా అన్నా. మూడు కాలేజీలు నన్ను వద్దన్నాయి. ఒకటి రమ్మనింది. ఆ మెయిలు చదివి చెప్పి, "ఇప్పుడన్నా విప్పు మా" అన్నా. అమ్మ బైబిల్లో పెట్టుకున్న ఆ రెండో కవరు అంటించింది అంటించినట్టే ఉండాది.

"వద్దులే" అనింది. "ఆ సారు సంతకం చినుగుతాది."