తెర అడుగున సులోచన మాటలు

సులోచన ప్రొద్దుటూరు పిల్ల. 1998లో భర్త విద్యాసాగర్‌తో, రెండేళ్ల కూతురు అనూషతో ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చింది. ఆయన అక్కడి పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు. మా ఫ్లాట్‌కు రెండు వాకిళ్ల అవతలే వాళ్లది. నా కంటే నాలుగేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని.

మరుసటి చలికాలంలో అనూషకు మెనింజైటిస్ అనే మెదడు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది, వినికిడి చాలా వరకు పోయింది. రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. అప్పటి దాకా గలగలా మాట్లాడిన పిల్ల మాట క్రమంగా మసకబారింది. తనకు వినపడని శబ్దాలు తన నోట్లోంచీ జారిపోయాయి. పదాల చివర్లు రాలిపోయేవి, ‘స’ అన్నది ఎక్కడా పలికేది కాదు. మాకెవరికీ అర్థమయ్యేది కాదు. సులోచనకు మాత్రం అర్థమయ్యేది. పిల్ల పెదాలు చూస్తూ, మాట ఎక్కడ పైకి లేస్తుందో ఎక్కడ కిందికి దిగుతుందో గమనిస్తూ, తెలియకపోతే ఓపిగ్గా మళ్లీ అడుగుతూ ఆమె ఆ మాటను నేర్చుకుంది.

“ఇంట్లో ఇంగ్లీషొక్కటే మాట్లాడండి, రెండు భాషలు పెడితే పిల్ల తికమక పడుతుంది” అని స్పీచ్ థెరపిస్టు సలహా ఇచ్చింది.

“అట్లయితే దాన్ని నేను ఏ మాటతో ముద్దు చేయాల?” అంది సులోచన ఇంటికొచ్చి నాతో. అన్నదే గాని థెరపిస్టుతో గొడవ పడలేదు. చదువంతా ఇంగ్లీషులో, ముద్దంతా తెలుగులో సాగించింది.

స్కూల్లో పిల్లలు వెక్కిరించడం మొదలుపెట్టాక అనూష బయట నోరు తెరవడం మానేసింది. క్లాసులో టీచరు అడిగితే తల ఊపేది, లేకపోతే కాగితం మీద రాసి చూపేది. ఇంట్లో మాత్రం టీవీ ముందు కూర్చుని స్పీకరు మీద అరచేయి ఆనించి పాటలు ‘వినేది’. ఆ తాళం దానికి అందేది. మాటలు అందేవి కావు. ముందే తీసిన కార్యక్రమాలకు తెర అడుగున అక్షరాలు వచ్చేవి. నేరుగా ప్రసారమయ్యేవాటికి ఒక్కోసారి అసలు వచ్చేవి కావు, వచ్చినా ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా వచ్చేవి. “What’s he saying, Amma?” అని అది అడిగిన ప్రతిసారీ సులోచన పక్కన కూర్చుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ మొత్తం తిరిగి చెప్పేది.

అందుకే స్థానిక పత్రికలో ఆ ఉద్యోగ ప్రకటన చూసినప్పుడు ఆమెకు నవ్వొచ్చిందట. నేరుగా ప్రసారమయ్యే కార్యక్రమాలకు అక్షరాలు అందించే సంస్థ అది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, టీవీలో వాళ్లు అంటున్నది అంటూ ఉండగానే మైకులో తిరిగి చెప్పాలి. కంప్యూటరు ఆ గొంతు విని అక్షరాలుగా మార్చి తెర మీదకు పంపుతుంది.

“ఇన్నేళ్లూ నేను ఊరికే చేస్తాండేది ఇదే కదమ్మా” అంది. పెళ్లికి ముందు కడప రేడియోలో అప్పుడప్పుడూ ప్రకటనలు చదివిన గొంతు ఆమెది. దరఖాస్తు పెట్టింది.

ఉద్యోగమైతే వచ్చింది, కంప్యూటరు మాత్రం ఓ పట్టాన లొంగలేదు. మనవాళ్లకు ఇంగ్లీషులో ‘వ’ ఒక్కటే, కంప్యూటరుకు V, W అని రెండు. ఆమె ‘వెస్ట్ యార్క్‌షైర్’ అంటే అది West బదులు Vest అని వేసి ‘బనియన్ యార్క్‌షైర్’ చేసేది. సూపర్‌వైజరు బ్రెండా కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, “ఫర్వాలేదు, ఇక్కడి చలికి సరిపోయింది” అందట. సులోచన వాకిట్లో బట్టలు ఆరేస్తూ కూడా పెదాలు గుండ్రంగా చుట్టి సాధన చేసేది. కామా, ఫుల్‌స్టాప్ కూడా నోటితో చెప్పాలి కాబట్టి అది ఇంట్లోకీ పాకింది. ఓరోజు మేం భోజనానికి వెళితే, “ఇంకొంచెం పప్పు వేసుకోండి కామా మొహమాటపడొద్దండి ఫుల్‌స్టాప్” అంది. విద్యాసాగర్‌కు పొలమారింది.

రెండేళ్లు వాతావరణం, ప్రాంతీయ వార్తలు, స్నూకరు పోటీలు చేసింది. 2005 ఫిబ్రవరిలో బ్రెండా ఆమెను పిలిచి, జాతీయ సంగీత పురస్కారాల సభను ఆమెకూ గారెత్ అనే వేల్స్ కుర్రాడికీ అప్పగించింది. ఏడాదంతా వచ్చిన ఆల్బమ్‌లలో ఉత్తమమైనవి ఎంచి, గాయకులకూ బృందాలకూ బహుమతులిచ్చే సభ. దేశమంతా చూస్తుంది. సభ లండన్‌లో జరిగినా వీళ్లు కూర్చునేది లీడ్స్‌లోనే, శబ్దం చొరబడని చిన్న గదిలో. ఒకరు కాసేపు మాట్లాడితే గొంతు అలసిపోతుంది గనుక వంతులు వేసుకుంటారు.

పాటల మాటలు ముందే వచ్చేస్తాయి, వాటితో చిక్కు లేదు. చిక్కంతా బహుమతి అందుకున్నాక మాట్లాడేవాళ్లతోనే. ఏడుస్తారు, అరుస్తారు, తాగి ఉంటారు, ఒకరి మాట మీద మరొకరు పడతారు. సులోచన ఆ నెలంతా అనూషతో కలిసి పోటీలో ఉన్న ఆల్బమ్‌లన్నీ వింది. బృందాల పేర్లు, వాయించేవాళ్ల పేర్లు కంప్యూటరుకు ఒక్కొక్కటే నేర్పింది.

సభ బాగానే మొదలైంది. మొదటి గంటలో ఒక్క పొరపాటు జరిగింది. డ్రమ్స్ వాయించే అతని ఇంటిపేరు కంప్యూటరు ఏదో కూరగాయ పేరుగా వేసింది. సులోచన వెంటనే సరిదిద్ది ముందుకు సాగింది. తర్వాత జీవిత సాఫల్య పురస్కారం వంతు వచ్చింది.

దాన్ని అందుకునేది ఆర్థర్ పెన్‌బీ అనే ముసలి జానపద గాయకుడు. ఏడాది క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆయన చెయ్యి ఊపుతాడు, కూతురు రెండు మాటలు చదువుతుంది అని కార్యక్రమ వివరాల్లో ఉంది. ఆ రెండు మాటలూ ముందే పంపించారు. కానీ పెన్‌బీ చేతికర్ర ఊతంగా మైకు దాకా నడిచి, కూతురి భుజం మీద చెయ్యి వేసి ఆమెను పక్కకు జరిపి, తానే మాట్లాడటం మొదలుపెట్టాడు.

నోరు ఒక పక్కకు లాగేసింది. అక్షరాలు ఒకదాన్లో ఒకటి కరిగిపోతున్నాయి. సభలో చప్పట్లు ఆగాయి. కెమెరా జనం మొహాల మీదకు తిరిగి, అక్కడా ఏం చూపించాలో తోచనట్టు మళ్లీ ఆయన దగ్గరకే వచ్చింది. ఆ సమయానికి వంతు గారెత్‌ది. అతను సులోచన వైపు తిరిగాడు.

“నాకొక్క ముక్కా అర్థం కావట్లేదు.”

సులోచన మైకు తన వైపు లాక్కుంది.

హెడ్‌ఫోన్‌లో బ్రెండా గొంతు వినిపించింది. “మాటలు స్పష్టంగా లేవు అని వేసెయ్, సులోచనా. ఎవరూ తప్పుపట్టరు.”

“నాకు తెలుస్తున్నాయి” అంది సులోచన.

నిజంగానే తెలుస్తున్నాయి. పదాల చివర్లు రాలిపోతున్నాయి, ‘స’ ఎక్కడా లేదు. ఆమె ఆయన పెదాల మీదే చూపు నిలిపి, ఒక వాక్యం వెనకగా, తొణక్కుండా చెప్పుకుంటూ పోయింది.

మా అమ్మ బట్టల మిల్లులో నేసేది, అన్నాడు పెన్‌బీ. అంత మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. ఆడవాళ్లంతా పెదాలు చూసే మాట్లాడుకునేవారు. అమ్మ మగ్గం దగ్గర రోజంతా పాడేది, ఒక్కరికీ వినపడేది కాదు. నేను అన్నం డబ్బా పట్టుకెళ్లి ఆమె ఎదురుగా నిలబడి, పెదాలు చూసి ఆ పాటలు నేర్చుకున్నాను. నా మొదటి పాట నేను చెవితో విన్నది కాదు. ఇప్పుడు నా నోరు ఇలా అయింది. నేనేం చెబుతున్నానో మీకు అర్థం కావడం లేదని నాకు తెలుసు. అయినా మీరు నన్ను చూస్తున్నారు. చాలు.

ఆ తర్వాత ఆయన ఒక పేరు చెప్పాడు. ఈ బహుమతి ఆ మనిషికి చెందుతుందన్నాడు. ఆ పేరు సులోచనకు అందలేదు. ఆయన మరోసారి అన్నాడు. అప్పుడూ అందలేదు. దగ్గరగా ఉన్న పేరేదో వేసేయవచ్చు. ఆమె వేయలేదు. ‘ఒక పేరు చెప్పారు’ అని మాత్రం పంపింది.

సభలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అర్థమై కొట్టినవాళ్లు తక్కువే అయి ఉండాలి. ఇళ్లలో అక్షరాలు పెట్టుకుని చూస్తున్నవాళ్లకు మాత్రం ప్రతి మాటా అందింది. ఆ సాయంత్రం నేనూ మా ఆయనా వాళ్లింట్లోనే ఉన్నాం, విద్యాసాగర్‌కూ అనూషకూ తోడుగా. చెవులు బాగున్న మేం ముగ్గురు పెద్దవాళ్లమూ పెన్‌బీ మాట వదిలేసి తెర అడుగునే చదువుతూ కూర్చున్నాం. విద్యాసాగర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అనూష స్పీకరు మీద నుంచి చెయ్యి తీసి మా వైపు తిరిగింది.

“He talks like me,” అంది. మళ్లీ తెర వైపు చూపించి, “And they all stood up.”

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే సులోచన చేసిన మొదటి పని పెన్‌బీ కూతురి ఫోను నంబరు సంపాదించడం. ఫోను ఎత్తిన కూతురు పొగడ్త ఏదో మొదలుపెడుతుంటే సులోచన మధ్యలో ఆపింది.

“క్షమించాలి, నాన్నగారు చెప్పిన ఆ పేరేమిటండీ? సభను మళ్లీ వేస్తున్నారు. అప్పటికైనా సరిగ్గా రావాలి.”

ఆ పేరు ఎడిత్. పెన్‌బీ వాళ్లమ్మ పక్క మగ్గం మీద నేసిన మనిషి. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడేనట. కూతురు ఆ సంగతి చెబుతూ ఏడ్చింది. పక్షవాతం వచ్చాక నాన్న ఇంత పొడుగు మాట ఎవరితోనూ మాట్లాడలేదని, తామూ సభలో ఉండి సగమే పట్టుకోగలిగామని, ఇంటికొచ్చాక మనవలు అక్షరాలతో సహా రికార్డు చేసిన టేపు పెడితే మొత్తం చదువుకున్నామని చెప్పింది. మళ్లీ ప్రసారమైనప్పుడు ఎడిత్ పేరు తెర మీద ఉంది. ఆ ఒక్క పదం కోసం సులోచన సెలవు రోజు ఆఫీసుకు వెళ్లిందని తర్వాత ఎప్పుడో బ్రెండా చెబితే తెలిసింది.

“పేరు తప్పు పోతే ఇంకేం మిగుల్తాది చెప్పు” అంది నేనడిగితే.

అనూష ఆ రాత్రికి రాత్రే మారిపోలేదు. స్కూల్లో చాలాకాలం అలాగే మౌనంగా ఉంది. కానీ ఆ వేసవిలో ఓరోజు మేమంతా వేడిగా వేయించి వెనిగర్ చల్లి ఇచ్చే బంగాళాదుంప చిప్స్ షాపు ముందు వరుసలో నిలబడి ఉంటే, సులోచన నోరు తెరిచేలోపు పిల్ల ముందుకు వెళ్లి తనకేం కావాలో తానే చెప్పింది. కౌంటరు దగ్గరి ముసలాయనకు అర్థం కాలేదు. అది మళ్లీ చెప్పింది. ఆయన చెవి దగ్గరగా పెట్టి, “ఇంకోసారి చెప్పమ్మా” అన్నాడు. సులోచన చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది, మాట మాత్రం సాయం వెళ్లలేదు. మూడోసారికి ఆయనకు అర్థమైంది. చిప్స్ మీద వెనిగర్ ఎక్కువ పడిందని దారంతా సణిగింది అనూష.

ఆ తర్వాత మూడేళ్లూ ఆ సభ పని సులోచనదే. 2008 నాటికి కొత్తగా చేరేవాళ్లకు నేర్పే బాధ్యత కూడా ఆమెకే ఇచ్చారు. స్కాట్లాండ్ వాళ్లు, నైజీరియా వాళ్లు, ఒక పంజాబీ అమ్మాయి, ఎవరి యాసతో వాళ్లు వచ్చేవారు. యాస మార్చుకోవాలేమోనని భయపడితే, “నీ గొంతు అట్లే ఉండనీ. కంప్యూటరే నేర్చుకుంటాది. నువ్వు ఎదుటి మనిషి మాట విను, అంతే” అని ఇంగ్లీషులోనే, ప్రొద్దుటూరు సాగదీతతో చెప్పేదట. మొదటి వారం వాళ్లను మైకు దగ్గరకు పోనిచ్చేది కాదు. ఊరికే కూర్చోబెట్టి, రకరకాల మనుషుల మాటలు వినిపించేది.