మారిట్ స్పానిష్ తీసుకుంది

మా ఊరి డాక్టరు రిటైరై, ఆయన ఆసుపత్రి మూతపడినప్పటి నుంచి, మిన్నెసోటా మంచులో గంటసేపు కారు నడిపితే గాని జ్వరానికి మందు దొరకదు. అందుకే ఆర్లన్ బ్రెక్కె కూతురు మారిట్ డాక్టరు చదువుతానన్న రోజే మా అందరి పిల్ల అయిపోయింది. ఏ ఆదివారమూ ఆ పిల్ల పేరు లేకుండా నా ప్రార్థన ముగిసేది కాదు.

కాలేజీలో రెండో ఏడు చదువుతున్న మారిట్ బయాలజీ వదిలేసి స్పానిష్‌ని మేజర్‌గా, అంటే డిగ్రీకి ముఖ్య సబ్జెక్టుగా తీసుకుందని, చర్చి వంటగదిలో వాళ్లమ్మ చెప్పుకుని బాధపడింది. ఇంట్లో ఎవరైనా పోయినా, పంట పోయినా, మా చర్చిలో ముందు వంట పంపుతాం. మాటలు తర్వాత. శనివారం మధ్యాహ్నానికి బ్రెక్కె వాళ్ల బల్లంతా గిన్నెలతో నిండింది. నేనూ కైమా, బంగాళదుంపలు ఓవెన్‌లో పెట్టి తీసి పట్టుకెళ్లాను.

సెలవుకి ఇంటికొచ్చిన మారిట్ ఒక్కో మూతా ఎత్తి చూసింది.

"ఎవరు పోయారు పిన్నీ?"

నేను నోరు తెరిచేలోపే పక్కనే ఉన్న డెలోరిస్ అక్క అందుకుంది.

"ఎవరూ పోలేదులే తల్లీ. డాక్టరు కాకపోతే ఏం, స్పానిష్ టీచరుద్యోగం మాత్రం తక్కువా?"

మారిట్ పడీపడీ నవ్వింది. "డాక్టరు చదువు నేనెక్కడ మానేశాను పెద్దమ్మా? మెడికల్ కాలేజీ వాళ్లకి మేజర్ ఏదైనా ఒకటే. వాళ్లడిగే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ క్లాసులు చదివుండాలి, మార్కులు రావాలి. అవన్నీ చదువుతూనే ఉన్నా."

కిటికీ దగ్గర నిలబడ్డ ఆర్లన్ ఇటు తిరిగాడు. "మరి అందరూ బయాలజీయే ఎందుకు తీసుకుంటారు?"

"కొందరు ఇష్టంతో, కొందరు భయంతో. నాకు ఇష్టమైంది స్పానిష్, నాన్నా. ఇష్టమైంది చదివితే మార్కులొస్తాయి. అయినా క్రిస్మస్ అప్పుడు మన పశువుల పాకలో పనిచేసే మటియాస్‌ని ఆవు తన్నితే, అతను స్పానిష్‌లో మొత్తుకుంటుంటే నొప్పి ఎక్కడో నువ్వు కనుక్కోగలిగావా?"

"నువ్వు మాత్రం కనుక్కున్నావా?"

"సగం కనుక్కున్నా. మిగతా సగానికే చదువుతున్నా."

ఆర్లన్ నవ్వలేదు. "ఊరంతా నీ మీద ఆశ పెట్టుకుందే. రెండూ మొయ్యగలవా?"

"మోస్తాను. మంగళవారం కెమిస్ట్రీ పరీక్షుంది. నా మాట నమ్మకపోతే ఆ మార్కులు చూసి చెప్పు."

ఆయన కుర్చీ లాక్కుని, కూతురికి వడ్డించి, తనూ వడ్డించుకున్నాడు. ఆ పూట అందరం అక్కడే తిన్నాం.

మర్నాడు ఆరాధనలో పాస్టరు, ఎవరికోసమైనా ప్రార్థించాలా అని ఎప్పటిలాగే అడిగారు. ఏనాడూ నోరు విప్పని ఆర్లన్ వెనక బెంచీలోంచి లేచాడు.

"మా అమ్మాయికి మంగళవారం కెమిస్ట్రీ పరీక్ష. దానికోసం దేవుణ్ణి అడగండి."

కూర్చోబోయి మళ్లీ లేచాడు.

"స్పానిష్‌కి అక్కర్లేదు. అది దానికి బాగానే వస్తోంది."