నాయన కడగని గ్లాసు

ఇప్పటికీ ఎవరింట్లోనన్నా టీ తాగినాక నా చెయ్యి ఊరికే ఉండదు, నీళ్ళ కోసం వెతుకుతుంది. "అయ్యో, గ్లాసు ఆడ పెట్టండి సార్" అంటారు వాళ్ళు. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద కాదు, నా చేతి మీద.

డెబ్బైల చివర నేను నంద్యాలలో టీచర్ ట్రైనింగు చదువుతాంటి, శనివారం సాయంత్రం ఇంటికొస్తాంటి. నాయన ఆళ్ళగడ్డలో ఒక రైతు దగ్గర కూలికి పోయేవాడు. ఆదివారం చర్చి అయినాక బస్టాండు పక్క హోటల్లో ఒక టీ తాగడం, ఆయనకున్న సోకంతా అదే. మా మాలపేటోళ్ళకు చూరు కింద గూట్లో సత్తు గ్లాసులుండేవి. మన గ్లాసు మనమే తీసుకోవాల. హోటలాయన పైనుంచి పోస్తాడు. బయట గొంతుక్కూచోని తాగి, తొట్టి దగ్గర కడిగి, మళ్ళా గూట్లో బోర్లించి పోవాల. లోపలి బెంచీలు, గాజు గ్లాసులు తక్కినోళ్ళకు. హోటలాయన నాయన కంటే పదేండ్లు చిన్నోడు. "ఏమిరా" అంటాడు. నాయన "అయ్యా" అంటాడు. థూ!

ట్రైనింగులో ఒక ముసలి పాస్టరు అమెరికా సంగతి చెప్పినాడు. ఆడ హోటళ్ళలో నల్లోళ్ళను తెల్లోళ్ళ పక్కన కూచోని తిననిచ్చేవాళ్ళు కాదంట. కాలేజీ పిల్లోళ్ళు పోయి ఆ కుర్చీల్లోనే కూచున్నారంట. తల మీద చక్కెర పోసినా, సిగరెట్టుతో కాల్చినా చెయ్యెత్తలేదంట. పుస్తకాలు తెరిచి పెట్టుకోని కూచున్నారంట. నాకది తలకెక్కింది.

"నాయనా, మనమూ కూచుందాం."

"ఏందీ, పిచ్చి పట్టిందా నీకు? యాడ తాగితే ఏం రా, టీ టీనే గదా!"

అన్నాడే గానీ ఆదివారం ఉతికిన పంచె కట్టుకోని వచ్చినాడు. ఇద్దరం లోపల బెంచీ మీద కూచున్నాం. బెంచీ మీదున్నోళ్ళంతా లేచిపోయినారు. టీ ఇయ్యలే. పొద్దు గూకేదాకా కూచోని లేచొచ్చినాం.

రెండో ఆదివారం బల్ల తుడిచిన నీళ్ళు మా కాళ్ళ మీద పోసినారు. నాయన చంకలోని బైబిలు తీసి తెరిచి పెట్టుకున్నాడు, నేను చెప్పిన పిల్లోళ్ళ మాదిరి. ఆయనకు చదువు రాదు.

సోమవారం రైతు "ఇంక పనికి రావద్దు" అన్నాడు. ఇరవై ఏండ్ల పని, ఒక్క మాటతో పాయ. నాకు భయమైంది, మానుకుందామన్నాను. "కూచున్నాక లేస్తారా యాడన్నా?" అన్నాడు నాయన. మూడో ఆదివారం నాకంటే ముందు పోయి కూచున్నాడు.

మేము కూచుంటే ఎవ్వరూ లోపలికి రాకపాయ, హోటలాయన బేరం పడిపాయ. నాలుగో ఆదివారం రెండు గాజు గ్లాసుల్లో టీ తెచ్చి మా ముందర ఠపీమని పెట్టినాడు. బయట జనం గుమిగూడి చూస్తాండారు. నాయన గుక్క గుక్కగా, తీరిగ్గా తాగినాడు. నేను మాత్రం సంబరం పట్టలేక నోరు కాలతాన్నా గబగబా తాగేసినాను.

తాగి లేచినాను. గ్లాసు తీసుకోని తొట్టి దగ్గరికి పోయినాను. కడిగినాను. గూట్లో సత్తు గ్లాసుల పక్కన బోర్లించినాను.

జనం గొల్లుమని నవ్వితే గానీ నాకు తెలిసిరాలే. "నేనేమన్నా కడగమన్నానా రా?" అన్నాడు హోటలాయన. "చూస్తిరా అప్పా, చదువుకున్నోడే కడిగి పెట్టె!"

ఆ తర్వాత మా పేటోళ్ళెవరు లోపలికి పోబోయినా అదే మాట అనేవాడు. ఎనభైల్లో నాకు మేష్టరు ఉద్యోగమొచ్చినాక కూడా ఆ గ్లాసులు ఆ గూట్లోనే ఉన్నాయి.

ఆ పొద్దు నాయన తన గ్లాసు బల్ల మీదే వదిలి, బైబిలు చంకన పెట్టుకోని బయటికొచ్చినాడు. దారి పొడుగునా నేను ఏడుస్తాంటే, ఆయన ముందర నడిచినాడు. పేట మొదట్లోకి వచ్చినాక నిలబడినాడు.

"నేను కడగలే రా" అన్నాడు.