మాట పోయిన మైకమ్మ

ఆ బస్టాండులో ఆవిడ ముఖం తెలిసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. మేడ మీద అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. డ్రైవర్లూ కండక్టర్లూ మైకమ్మ అని పిలిచేవాళ్ళు. అసలు పేరు ఆఫీసు గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. “ప్రయాణికులు దయచేసి తొందరపడవద్దు” అని ఆవిడ అంటే, నిజంగానే కాసేపు తోపులాట తగ్గేది. ఆ గొంతులో అంత నిదానం ఉండేది.

భర్త అదే డిపోలో మెకానిక్. సరదా మనిషి. “బస్టాండంతా వినిపించే పెళ్ళాన్ని కట్టుకున్నాను. ఇంట్లో ఇక నా మాట ఎవరి చెవిన పడుతుంది?” అని స్నేహితుల దగ్గర వాపోయేవాడు. పిల్లలు కలగలేదు. ఒకరోజు పనిలో ఉండగానే గుండె ఆగి ఆయన పోయాడు. ఆ తర్వాత ఆ రెండు గదుల ఇంట్లో ఆవిడా, దేవుడూ మిగిలారు.

దేవుడితో ఆవిడ వరసే వేరు. కళ్ళు మూసుకుని గొణుక్కోవడం చేతనయ్యేది కాదు. పొయ్యి వెలిగిస్తూ, బట్టలు ఆరేస్తూ, దగ్గరి చుట్టమెవరో వంటగది గుమ్మంలో కూర్చుని ఉన్నట్టు పైకే మాట్లాడేది. “చూశావా, ఇవాళ కూడా కుళాయి రాలేదు. నీకు కనపడదా?” అని దెబ్బలాడేది. “సరేలే, నీ తిప్పలు నీవి” అని మళ్ళీ తనే సర్దుకునేది. మనిషి అలికిడి లేని ఇంట్లో ఆ కబుర్లే ఆవిడకి తోడు.

యాభై దాటాక గొంతు బొంగురుపోయింది. జలుబనుకుని వేడినీళ్ళు తాగుతూ కాలక్షేపం చేసింది. చివరికి డాక్టరు పరీక్షలు చేసి, గడ్డ ఉందన్నాడు.

“స్వరపేటిక తీసెయ్యాలమ్మా. ప్రాణానికి ఫర్వాలేదు.”

“మరి మాట?”

“మామూలు గొంతు ఉండదు. తర్వాత ప్రయత్నిస్తే కొంచెం ఏదైనా రావచ్చు” అన్నాడు, బల్ల మీది కాగితాలు సర్దుతూ.

ఆసుపత్రి మంచం మీద ఆవిడ దేవుణ్ణి బతిమాలింది. “ఆయన్ని తీసుకుపోయావు, ఊరుకున్నాను. ఇది మాత్రం వదిలెయ్. నీతో మాట్లాడ్డానికైనా ఉండాలి కదా.” తన సొంత గొంతుతో పలికిన ఆఖరి మాటలు అవే అయ్యాయి. మెలకువ వచ్చేసరికి మెడకి రంధ్రం, అందులోంచి ఊపిరి. నోరు తెరిస్తే పెదవులు కదిలాయి. గుసగుస కూడా రాలేదు.

వేరే ఊళ్ళో ఉన్న అక్క ఫోన్ చేసేది. వేలితో ఫోను మీద ఒకసారి కొడితే అవునని, రెండుసార్లు కొడితే కాదని ఇద్దరూ అనుకున్నారు. “తిన్నావా?” టక్. “ఒంట్లో కులాసానా?” టక్. కులాసాగా లేకపోయినా ఒకసారే కొట్టేది. ఎందుకు లేదో వేలితో చెప్పడం ఎలా? అక్క కాసేపు తన ఇంటి సంగతులు చెప్పి, చెప్పడానికి ఇంకేమీ తోచక, “ఉంటానే మరి” అనేది. రాను రాను ఆ ఫోన్లూ పలచబడ్డాయి. అక్కని అనడానికి లేదు. అవతలినుంచి పలుకే రాకపోతే ఎంత కావలసినవాళ్ళైనా ఎంతసేపని మాట్లాడతారు?

మైకు గదిలోకి ఎవరో కొత్తమ్మాయి వచ్చింది. మైకమ్మని మెట్ల కింద, పోయిన సామాన్ల గదికి మార్చారు. బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు, పిల్లల బొమ్మలు, ఒంటి చెప్పులు. తడి గుడ్డల వాసన. రోజు మొత్తంలో ఒకరో ఇద్దరో వచ్చి, తమ సంచీ గుర్తుపట్టి తీసుకుని, ఆవిడ మెడకున్న గుడ్డ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి రమ్మని కబురు పెట్టింది. గాలి మింగి, దాన్ని పైకి తెచ్చి మాటలుగా పలకడం నేర్పిస్తానంది. ఆవిడ వెళ్ళలేదు. త్రేన్పులతో మాట్లాడ్డం కంటే నోరు మూసుకుని ఉండడమే మర్యాద అనుకుంది.

దేవుడితోనూ మాట్లాడ్డం మానేసింది. మనసులో అనుకుందామంటే, ఆ మాట ఎక్కడికీ చేరనట్టు, బావిలో పడ్డ రాయి చప్పుడు కూడా చెయ్యనట్టు ఉండేది. పైగా కోపం. అడిగింది ఒక్కటే, అదే లాక్కున్నాడు. ఇక వినిపించుకునేవాడు ఉన్నాడని ఏ నమ్మకంతో నోరు కదపాలి? వంటగది గుమ్మం వైపు చూడకుండా పని చేసుకోవడం అలవాటైంది. సెలవు రోజుల్లో మంచం దిగేది కాదు. రేపు నేను లేవకపోతే ఏ బస్సు ఆగుతుంది, అనిపించేది.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బస్టాండు గార్డు ఒక ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

“అమ్మా, ఈ పెద్దావిడ ఏ బస్సు దిగిందో చెప్పలేకపోతోంది. ఊరూ గుర్తులేదట. పోయినవన్నీ మీ గదికే కదా...” అని నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆపుకున్నాడు. “వీళ్ళవాళ్ళ కోసం అన్ని డిపోలకీ కబురు పంపాం. అందాకా కాస్త చూస్తూ ఉండండి.”

ముసలావిడ గొడుగుల పక్కన కూర్చుంది. “మా అమ్మాయి వచ్చిందా?” అంది. మైకమ్మ, వస్తుందని తల ఊపింది. “నువ్వు మాట్లాడవేం తల్లీ?” మైకమ్మ మెడ చూపించింది. “అయ్యో, గొంతు నొప్పా? వేడినీళ్ళు తాగు.” కాసేపయ్యాక మళ్ళీ అదే. మా అమ్మాయి వచ్చిందా, నువ్వు మాట్లాడవేం, వేడినీళ్ళు తాగు. అలా ఎన్నిసార్లయిందో. ప్రతిసారీ ముసలావిడ కొత్తగా జాలిపడుతోంది. మొదట విసుగు పుట్టినా, తర్వాత మైకమ్మకి నవ్వు వచ్చింది.

పొద్దు వాలుతున్నకొద్దీ ముసలావిడలో బెదురు మొదలైంది. చీర కొంగు నలుపుతూ తలుపు వైపే చూస్తోంది. మైకమ్మ పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకుంది. అప్పుడు ముసలావిడ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

“దేవా, దారి తప్పినవాళ్ళకి దిక్కైనవాడా, నీ బిడ్డలం మేము...”

ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. చిన్నప్పటినుంచీ చెప్పుకునే ప్రార్థన అయి ఉంటుంది, సగం చెరిగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించి, నుదురు రుద్దుకుంది. ఇప్పుడు ఏడుస్తుందని మైకమ్మ భయపడింది.

ముసలావిడ ఏడవలేదు. “మర్చిపోయానే తల్లీ” అంది. “పోనీలే. మిగతాది ఆయనకి తెలుసు.”

అని తేలిగ్గా ఊపిరి వదిలి, గోడకి చేరగిలబడింది. కొంగు నలపడం మానేసింది.

మైకమ్మ కదలలేకపోయింది. సొంత ఊరు మర్చిపోయిన మనిషి, వచ్చిన దారి మర్చిపోయిన మనిషి, ఒక్క సంగతి మాత్రం మర్చిపోలేదు. తనకి గొంతు లేదు, ఈవిడకి మాటలే లేవు. ఈవిడ మాత్రం అలగలేదు. మైకమ్మకి కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఏడిస్తే మెడలోంచి గాలి ఈల వేసినట్టు వస్తుందని ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఏడవనే లేదు. ఇప్పుడు ఏడ్చింది. పెదవులు వాటంతటవే “దేవా” అన్నాయి. శబ్దం వచ్చిందా లేదా అని ఆవిడ చూసుకోలేదు.

కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. “ఎక్కడికెళ్ళిపోయావమ్మా! ప్రాణాలు తోడేశావు!” అంటూ తల్లిని వాటేసుకుంది.

“నేనెక్కడికెళ్ళాను? ఈవిడ దగ్గరే కూర్చున్నాను. పాపం, గొంతు నొప్పట” అంది ముసలావిడ.

ఆ సాయంత్రం ఇంట్లో మైకమ్మ వంటగది గుమ్మం వైపు తిరిగి నిలబడింది. తర్వాత పెదవులు కదుపుతూ, ఇన్నాళ్ళూ దాచిన కోపమంతా చెప్పింది. జవాబేమీ రాలేదు. ఇల్లు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. కానీ తను చెప్పింది గోడకి కాదనిపించింది. పొయ్యి వెలిగించి అన్నం పెట్టుకుంది.

తర్వాతి వారం మాట నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. మొదట్లో అన్నీ త్రేన్పులే. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోతే తనూ నవ్వింది. నెలలు పట్టింది. వచ్చిన గొంతు కుండలో కప్ప అరిచినట్టుండేది. ఆ గొంతుతో అక్కకి ఫోన్ చేసి, “అక్కా” అంది. “ఎవరండీ? రాంగ్ నంబరు” అని అక్క పెట్టేసింది. మళ్ళీ చేసి, “నేనే” అంది. అటువైపునుంచి అక్క ఏడుపు వినిపించింది.

మైకు గదికి మళ్ళీ పిలవలేదు, పిలుస్తారని ఆవిడా అనుకోలేదు. ఒంటరితనమూ ఎక్కడికీ పోలేదు. సెలవు రోజు సాయంత్రాలు ఇప్పటికీ ఒక పట్టాన గడవవు. కొన్నాళ్ళు దేవుడు పక్కనే ఉన్నట్టుంటుంది, కొన్నాళ్ళు ఉండదు. లేనట్టున్న రోజుల్లో కూడా ఆవిడ చెప్పాల్సింది చెబుతుంది.

ఈమధ్య ఒకాయనకి ధైర్యం చెప్పమని డాక్టరు కబురు పెడితే ఆసుపత్రికి వెళ్ళింది. వీధుల్లో కూరగాయలు అరిచి అమ్ముకునే ఆయనకి ఇంకాసేపట్లో అదే ఆపరేషన్. ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

“అరవలేకపోతే నేనెందుకమ్మా?” అన్నాడు గోడ వైపే చూస్తూ. “రాత్రంతా మొక్కుతూనే ఉన్నాను. వింటున్నాడంటారా?”

ఆవిడ గాలి మింగి, ఒక్కొక్క మాటే పైకి తెచ్చింది. “నాకు గొంతు లేనప్పుడు కూడా విన్నాడు.”

ఆయన నమ్మాడో లేదో తెలియదు. కానీ ఇటు తిరిగాడు. నర్సు వచ్చి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళేదాకా ఆవిడ ఆ స్టూలు మీదే కూర్చుంది.