కుర్చీలేస్తేనే ఊదుతాం

చింతపండు పులుసు వాసన ఇత్తడి వాసనతో కలిస్తే చాలు, నాకు ఇప్పటికీ రోషం పుట్టుకొస్తుంది. రేపు మంథనిలో పెళ్లి. వాకిట్లో కూర్చుని బాకాలు తోముతుంటే దేవయ్య మాస్టరు గుర్తుకొచ్చారు. హుస్నాబాద్‌లో ఆయనది పెళ్లిళ్లకూ చావులకూ పోయే బ్యాండు మేళం. నేను కరీంనగర్‌లో ఒక బడిలో సంగీతం చెబుతూ, ఆదివారాలు చర్చిలో క్లారినెట్ ఊదేదాన్ని. అక్కడ నేను ఊదుతుంటే విని, "బిడ్డా, మా మేళంల ఊదుతవా?" అని అడిగారు. ఆడపిల్ల ఊరేగింపులో ఊదడమేమిటని మా బాపు గయ్యిమన్నాడు. "ఏసుప్రభువు ముంగట ఊదితే తప్పులేదు, పెండ్లిపిల్లగాని ముంగట ఊదితే తప్పయితదా?" అన్నారు మాస్టరు. మర్నాడు బాపే నన్ను హుస్నాబాద్ బస్సెక్కించాడు.

బ్యాండువాళ్లకు కుర్చీ అనేది ఉండదు. నడుస్తూ ఊదాలి, ఫంక్షన్ హాలు గేటు దగ్గర నిలబడి ఊదాలి, అందరూ తిన్నాక తినాలి. మేళంలో చేరిన మొదటి నెలలోనే నా మడమలు పగిలాయి. ఒకరోజు మాస్టరు రేకుల షెడ్డులో తీరిగ్గా ఉన్నప్పుడు, నా ఫోనులో ఒక పాత సింఫనీలోని నెమ్మదైన భాగం వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "గీళ్లకు దమ్ము తీసుకునే పనే లేదా?" అన్నారు. అవి వయొలిన్లు మాస్టరూ, కమాను లాగుతుంటే చాలు, ఊపిరితో పని లేదన్నాను. "అయితే మనం దమ్ముతోనే ఊదుదాం" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

వయొలిన్ల పాటను క్లారినెట్లకు పంచాం, కింది స్వరాలను పెద్ద బాకాలకు ఇచ్చాం, మా ఊపిరికి అందేలా శ్రుతి కొంచెం దించాం. నేను స్వరాలు రాసేదాన్ని, ఆయన ఒక్కొక్కరి పక్కన కూర్చుని పాడి వినిపించేవారు. ఎంత చేసినా పొడుగాటి స్వరం దగ్గర అందరి దమ్మూ ఒకేసారి అయిపోయేది, పాట తెగేది. అప్పుడు మాస్టరు అన్నారు: "నాట్లు ఏసేటప్పుడు మీ అవ్వలు పాడంగ ఇనలేదారా? ఒకామె దమ్ము తీసుకుంటే పక్కామె అందుకుంటది. పాట ఎన్నడన్న తెగిందా?" ఆ రోజు నుంచి పక్కవాడి ఊపిరి వినడం నేర్చుకున్నాం. ఇంకో తిప్పలు కాళ్లతో వచ్చింది. ఏళ్ల తరబడి ఊరేగింపుల్లో నడిచిన కాళ్లు కూర్చున్నా ఊరుకోవు, లోపల్లోపల నడుస్తూ పాటను పరుగెత్తించేవి. "కాళ్లు కట్టేస్త బిడ్డా!" అని అరిచేవారాయన. ఎదురింటి ముసలాయనైతే తువ్వాల భుజాన వేసుకుని పరుగున వచ్చి, "ఎవలు పోయిండ్రు?" అని అడిగాడు. మెల్లగా ఊదితే చావే అనుకుంటారు మా వైపు. మాస్టరుకు ఒళ్లు మండింది. "ఎవలు పోలే. గిది బతికున్నోళ్ల పాట" అన్నారు.

దాన్ని కరీంనగర్‌లో ఒక పెద్దింటి పెళ్లిలో, కుర్చీల్లో కూర్చునే ఊదాలని పట్టుబట్టారు. తీరా వెళ్లాక హాలు మేనేజరు అడ్డం తిరిగాడు. "బ్యాండోళ్లకు కుర్చీలేంది? గేటు కాడ నిలవడి కొట్టుండ్రి." పెళ్లికొడుకు కారు బయట ఆగి ఉంది. మాస్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "కుర్చీలేస్తేనే ఊదుతం. లేకుంటే మీ పిల్లగాన్ని మీరే సప్పట్లు కొట్టుకుంట తోల్కపోండ్రి." ఈ బేరమే కాదు, ఊళ్లో ఇక ఏ బేరమూ దక్కదేమోనని మాకు భయం పట్టుకుంది. ఆయన మాత్రం అంగుళం కదల్లేదు. చివరికి పెళ్లికొడుకు నాయనమ్మ కారు దిగి, "బాజా లేకుంట నా మనుమడు లోపటికెట్ల పోతడు? ఎయ్యుండ్రి కుర్చీలు!" అని కసిరింది. తానూ ఒకటి లాక్కుని మా ఎదుట కూర్చుంది.

ఊదాం. పొడుగాటి స్వరం దగ్గర నా దమ్ము అయిపోయింది. పక్కనున్న రాజన్న అందుకున్నాడు. పాట తెగలేదు. అయ్యాక ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆ ముసలమ్మే కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకోపారి ఊదుండ్రి" అంది. నా జన్మలో అంత గర్వపడిన రోజు లేదు.

మాస్టరు మంచం పట్టినప్పుడు నన్ను పిలిపించుకున్నారు. "నా సావుకు గా పాట ఊదిండ్రంటే లేసొచ్చి కొడ్త. పెండ్లి బాజా ఊదుండ్రి." అలాగే చేశాం. శవం ముందు పెళ్లి పాటలేమిటని ఊరంతా తిట్టింది. ఏడుస్తూనే ఊదాను, తిట్టుకోనీ అనుకున్నాను.

ఇప్పుడు మేళం నాది. ఇందాక మంథని పెళ్లివారు ఫోను చేశారు. "అమ్మా, బ్యాండుకు కుర్చీలెందుకు? మెల్లటి పాటంటున్నరు, అపశకునం గాదా?"

"కుర్చీలేస్తేనే వస్తం అన్నా" అన్నాను. "ఇంకో వరుస ఎక్కువేయుండ్రి. మీరు గూడ కూసోని ఇందురు."