హ్యాండిళ్లు లేని కారులో

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మేము మీర్‌పేట్‌లో ఉండేవాళ్లం. నాకు నెలలు నిండాయి. బిడ్డ వచ్చేలోగా మా పాత కారు లోపలంతా కొత్తగా మెరవాలని మా ఆయన పట్టుదల. బంద్ వల్ల ఆఫీసు లేకపోవడంతో తలుపుల లోపలి ప్లాస్టిక్ భాగాలన్నీ, హ్యాండిళ్లు, అద్దాలు దించే పిడులతో సహా ఊడదీసి, నల్లరంగు కొట్టి డాబా మీద ఆరబెట్టారు.

సరిగ్గా అప్పుడే నాకు నొప్పులు మొదలయ్యాయి. ఆటోలు లేవు. అవన్నీ మళ్లీ బిగించే తీరికా లేదు. మా అత్తమ్మ, నేను వెనక కూర్చుంటే ఆయన అలాగే కారు తీశారు.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమకారులు ఆపారు. “బంద్ నాడు ఏడికి పోతున్నవ్? అద్దం దించు!” అని ఒకతను గద్దించాడు. అద్దం దించడానికి పిడి లేదు, కారు దిగడానికి హ్యాండిల్ లేదు. మా ఆయన నల్లటి చేతులు ఊపుతూ ఏదో చెప్పబోతే, వెక్కిరిస్తున్నారనుకుని అందరూ కారును చుట్టుముట్టి బాదసాగారు. నాకు నొప్పుల కన్నా భయమే ఎక్కువైంది.

చివరికి ఎవరో బయటి నుంచి తలుపు లాగారు. “జై తెలంగాణ!” అని అత్తమ్మ, “హ్యాండిళ్లు ఇంటికాడ ఎండుతున్నయన్నా!” అని మా ఆయన, “అమ్మా!” అని నేను, ముగ్గురం ఒక్కసారే అరిచాం. వాళ్లు బిత్తరపోయి, ఆ తర్వాత పకపకా నవ్వారు. “జర జరుగున్రి, అక్కను దవాఖానకు పోనియ్యిన్రి!” అంటూ బైకుల మీద ముందు సాగి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆసుపత్రి దాకా దారి చేశారు.

పాప పుట్టిందని తెలిసేదాకా వాళ్లు గేటు దగ్గరే ఉన్నారట. పేర్లయినా అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. పాప పుట్టినరోజున మా అత్తమ్మ మాత్రం, “ఆ పిలగాండ్లు సల్లగుండాలె” అన్నాకే మిఠాయి నోట్లో పెట్టుకుంటుంది.