తడి పలక మీద కదిలిన సూది

దస్తగిరి మాస్టరు కంభంలో కూతురింట్లో కన్ను మూశారని మొన్న స్టేషను నుంచి వచ్చిన బండి మనిషి చెప్పాడు. నేనప్పుడు కార్ఖానాలో పలకల కట్టలు లెక్కపెడుతున్నాను. లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టబోయి, పలకలు పక్కన పెట్టి, పోయినవేవో లెక్కపెట్టాను. మార్కాపురం హైస్కూలుకు సైన్సు మాస్టరు పోయారు. సాయంత్రం నమాజుకు వెళ్తూ ఎదురైన ప్రతి పిల్లవాణ్ణీ ఆపి ప్రశ్న వేసే గొంతు పోయింది. ఉర్దూలో విసుక్కుని వెంటనే తెలుగులో నవ్వే మాట పోయింది. కరెంటు స్తంభమే లేని ఊళ్లో కరెంటంటే ఇదీ అని చూపగల మనిషి పోయారు. నాకు గురువు పోయారు. ఇవన్నీ కూడితే మొత్తం ఒక్కడే మనిషి.

నా బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. పలకల కార్ఖానాలో గుమాస్తాగా ఉంటూ భిన్నాలూ దశాంశాలూ నా అంతట నేనే నేర్చుకున్నాను. ఒకనాడు మాస్టరు పగిలిన పలకముక్కల కోసం వచ్చారు.

"చదరంగా ఉండేవి చూసియ్యి వెంకటయ్యా. వాటి మీద రాగితీగె బిగించుకోవాల. ఎండిన పలకలో కరెంటు పారదు."

"ఏంది సాబూ, మా పలకల్లో కరెంటేంది?" అని నవ్వాను.

"నవ్వితే నవ్వినావులే. శనివారం బడికి రా, చూద్దువు."

వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. మీసాలున్న శిష్యుణ్ణి చూసి పిల్లలు ఒకరినొకరు గిల్లుకున్నారు.

ఆయన సామగ్రి మూడు టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు, కొంత తీగె. సెల్లుల ఒక కొస నుంచి బయలుదేరిన కరెంటు బల్బు గుండా పోయి రెండో కొసకు తిరిగి చేరాలనీ, దారి ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతుందనీ చూపారు. నాకు లెక్క కుదరలేదు. "సాబూ, బల్బు కొంత తింటాది గదా. తిరిగొచ్చేది తక్కువుండాల" అన్నాను.

తప్పని ఆయన అనలేదు. "మీ కార్ఖానాలో బండికి పలకలెట్ల ఎక్కిస్తారు?" అని అడిగారు. వరసగా నిలబడి చేతులు మార్చుకుంటామన్నాను. వెంటనే పిల్లల్ని బయట గుండ్రంగా నిలబెట్టి, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పలకలు తిప్పించారు.

"మధ్యలో ఎవడన్నా పలక మింగినాడా?"

"లేదు సార్, చేతులు నొస్తాండాయి!"

"అదే వెంకటయ్యా. పలక తరగదు, చెయ్యి అలుస్తాది. కరెంటు తరగదు, దాన్ని తోసే బలం ఖర్చయితాది. ఆ బలాన్ని కొలిచేదే ఓల్టు."

ఆ తర్వాత రెండు బల్బుల్ని ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి కలిపారు. ఉన్న బలాన్నే పంచుకోవలసి వచ్చి రెండూ మసకగా వెలిగాయి. ఒక్కోదానికి విడిగా దారి ఇచ్చేసరికి రెండూ ధగధగలాడాయి. "సంబరపడొద్దు, సెల్లులు తొందరగా అయిపోతాయి" అన్నారు.

హెడ్మాస్టరుగారికి ఇదంతా ఆటలా కనిపించింది. "తనిఖీ రోజున ఇది పనిచేయకపోతే తీగెలన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తాను. పుస్తకం చదివించండి చాలు" అని తేల్చి చెప్పారు. మాస్టరుకు ఆ తీగెలు లేని పాఠం పాఠమే కాదు.

తనిఖీ నాటికి ఆయన దిక్సూచి చుట్టూ సన్నని తీగె చుట్టలు చుట్టలుగా చుట్టి, సూది కింద కాగితం మీద గీతలు గీసి, కరెంటును పట్టే సాధనం ఒకటి చేసి, స్విచ్చుతో, తీగెలతో సహా పలక మీద బిగించారు. అధికారి ముందు నిలబడి, "స్విచ్చు తెరిచినాను. దారి తెగింది. ఇప్పుడు సూది కదలదు" అన్నారు.

సూది కదిలింది. రెండున్నర గీతలు పక్కకు వెళ్లి నిలిచింది.

హెడ్మాస్టరుగారి చెయ్యి తాళంచెవి ఉన్న జేబు మీదికి పోయింది. "తెగిన దారిలో కరెంటు ఎట్లా పోతోంది మాస్టారూ?" అని అధికారి అడిగారు.

మాస్టరు పలకను వేలితో తాకి చూశారు. "దీన్ని ఎవుర్రా తుడిచినేది?"

"నేనే సార్, తనిఖీ గదా అని బాగా తుడిచినా" అన్నాడు ముందు బెంచీ వాడు.

"ఉమ్మేసినావా?"

"ఏసినా సార్. మళ్ల తడిగుడ్డతో గూడా రుద్దినా."

గది గొల్లుమంది. రోజూ తన పలకకు చేసే మర్యాదే వాడు మాస్టరు పలకకూ చేశాడు. మాస్టరు కూడా నవ్వేశారు. "అయ్యా, వీడి తప్పేం లేదు. ఎండిన పలక సంగతి చెప్పినా గానీ తడి పలక సంగతి నేను చెప్పలేదు. మా బావినీళ్లలో ఉప్పుంది. ఆ తడే సన్నదారి అయింది." పలకను తన తువ్వాలుతో తుడిచి ఎండలో పెట్టి తెచ్చారు. సూది సున్నా దగ్గర నిలిచింది.

"బాగుంది. అయితే ఆ తడిలో ఎంత పారింది? అంకె చెబితే శాస్త్రం, చెప్పకపోతే సాకు" అన్నారు అధికారి.

"మా వెంకటయ్య చెప్తాడయ్యా" అని మాస్టరు వెనక బెంచీ మీదున్న నన్ను చూపించారు.

అధికారి నా మీసాల వంక చూసి నవ్వారు. "వచ్చే తనిఖీకి చెప్పండి. అంతవరకు తీగెలు బయటే ఉండనివ్వండి."

ఆ అధికారికి బదిలీ అయింది. తర్వాత వచ్చినవారు అడగలేదు. మాస్టరు మాత్రం ఎదురైనప్పుడల్లా అడిగేవారు. "అంకె ఏమాయె నాయనా?"

"గీతలు చెప్పగలను గానీ ఆంపియర్లు చెప్పలేను సాబూ. అసలైన మీటరు పక్కన పెట్టి మన గీత విలువ తేల్చుకోవాల."

"కర్నూలు కాలేజీలో ఉంటాది. సెలవుల్లో ఇద్దరం పోదాం."

ఒక సెలవుకు పరీక్ష కాగితాలు అడ్డం వచ్చాయి, ఇంకొక సెలవుకు నా సరుకు బండ్లు. చివరికి ఆయన మోకాలు మొండికేసింది. తరగతి మాత్రం ఆగలేదు. ఎందరో పిల్లలు ఆ పలక మీద బల్బు వెలిగించి వెళ్లారు. ఇన్నేళ్లూ ఆ పాఠం నడిచింది నేను చెబుతానని ఆయన పూచీ పడిన ఒక్క అంకె మీద.

నిన్న కంభం వెళ్లి ఆయన సమాధి మీద పిడికెడు మన్ను వేసి వచ్చాను. నిండు తరగతిలో, అధికారి ఎదుట, తన పాఠాన్ని నా లెక్క చేతిలో పెట్టిన ఆ గురువుకు నమస్కారం. అటువంటి బోధకుడు మా తాలూకాకు మళ్లీ దొరకడు. సూది చూపినది రెండున్నర గీతలు. అది ఎన్ని ఆంపియర్లో ఆయనకు నేను ఇంకా చెప్పవలసే ఉంది.